ఆ ఇంటి ఈస్టర్

కువైట్‌లోని సాల్మియాలో లెబనాన్ వాళ్ళింట్లో పని దొరికినప్పుడు, వాళ్ళూ క్రైస్తవులేనని సువార్తమ్మ సంతోషపడింది. కడప జిల్లా మైలవరం మనిషి. మొదటిరోజే మెడలోని సిలువ చూపించి, "మామా, నేనూ మీ మతమే" అని వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలవాలి. ఆమె తల ఊపి వంటిల్లు చూపించింది.

అది 1984. ఈస్టర్‌కు ముందు వారమంతా సువార్తమ్మ ఖర్జూరం కూరిన బిస్కెట్లు చేసింది, గుడ్లు ఉడకబెట్టి రంగులద్దింది. పండగ సాయంత్రం సిటీలోని చర్చిలో తెలుగువాళ్ళ ఆరాధన ఉందని తెలిసి, పోయొస్తానని అడిగింది.

"ఆరోజు చుట్టాలొస్తారు. నువ్వు పోతే పని ఎవరు చేస్తారు?"

"ముందే అంతా వండిపెట్టి పోతా మామా."

"లా. ఖలాస్." కుదరదు, అంతే అని.

పండగ పొద్దున ఇంటిల్లిపాదీ కొత్తబట్టలేసుకుని చర్చికి వెళ్ళారు. సువార్తమ్మ వంటింట్లో మాంసం కడుగుతూ నిలబడింది. ఊళ్ళో అయితే చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోయి, అమ్మ సమాధి మీద పూలు పెట్టి పాటలు పాడేది.

మధ్యాహ్నం చుట్టాలొచ్చారు. భోజనాలయ్యాక సువార్తమ్మ కాఫీలు తెచ్చింది. ఒక ముసలావిడ కప్పు అందుకుంటూ, "అల్ మసీహ్ ఖామ్" అంది. క్రీస్తు లేచాడని పండగ పలకరింపు.

యజమానురాలు నవ్వింది. "దానికేం తెలుసు? అది విగ్రహాలకు మొక్కే మనిషి."

సువార్తమ్మకు ఒళ్ళంతా భగ్గుమంది.

"హక్కన్ ఖామ్" అంది గట్టిగా. నిజంగా లేచాడని. "మా తాత కాలం నుంచీ మేం క్రైస్తవులం. వచ్చిన రోజే చెప్పినా కదా మామా! చర్చికి పోతానని అడిగింది దేనికనుకున్నారు?"

ముసలావిడ కప్పు కింద పెట్టేసింది. "ఈ పూట కూడా పంపలేదా?" అంది.

నలుగురిలో పరువు పోయిందని యజమానురాలి మొహం కందిపోయింది. "వంటింట్లోకి పో!"

సువార్తమ్మ పళ్ళెం బల్లమీద పడేసి తన గదికి పోయింది. తెల్లచీర కట్టుకుని బయటికొచ్చింది.

"గడప దాటావంటే పోలీసులకు చెబుతా."

"చెప్పండి. పండగనాడు చర్చికి పోయిందని చెప్పండి."

పక్కవాటాలో పనిచేసే రాయచోటి ఖాతూన్ బీ మెట్లమీద ఎదురైంది. "ఏమైందక్కా, మొగం అట్ల పెట్టినావు?"

"చర్చికి పోతాండా."

"మామా ఒప్పుకున్యాదా?"

"ఒప్పుకునేదానికి ఆమె ఎవరు?"

ఖాతూన్ బీ తన అన్న టాక్సీ కిందే ఉంటే ఎక్కించింది.

చర్చిలో అందరితో పాటు పాడబోతే సువార్తమ్మకు కోపంతో ఏడుపొచ్చింది. పగవాళ్ళను క్షమించాలని పాస్టరు చెప్పినప్పుడు అందరూ ఆమేన్ అన్నారు. ఆమె అనలేకపోయింది.

తిరిగొచ్చేసరికి యజమాని తలుపు తీశాడు. తొట్టినిండా ఎంగిలి గిన్నెలు. పోలీసులు రాలేదు. పనిమనిషి పోతే ఇబ్బంది తమకేనని వాళ్ళకు తెలుసు. కొన్నాళ్ళకు యజమానురాలు, ఏదో దానం చేస్తున్నట్టు, సెలవురోజైన శుక్రవారం సాయంత్రాలు చర్చికి పోవచ్చంది. సువార్తమ్మ పోయింది గానీ, 'షుక్రన్' అని కృతజ్ఞత మాత్రం చెప్పలేదు.

ఒప్పందం ముగియగానే ఫర్వానియాలో వేరే ఇల్లు చూసుకుంది. ఆ ఇంటామెతో జీతం సంగతి తర్వాత మాట్లాడింది. ముందు ఈస్టర్ సంగతి మాట్లాడింది.