పెళ్ళిగదిలో ఆకులు

మారిట్‌కి పదిహేడేళ్ళు. పొద్దున్నే గుడ్డు పగలగొట్టి, పచ్చసొన రంగులో కలిపి, తెల్లసొన తను తాగేస్తుంది. చూసినవాళ్ళు మొహం చిట్లిస్తారు. ఆమె చిట్లించదు.

తండ్రి ఒలోఫ్ గోడలకి బొమ్మలేసేవాడు. సిలియన్ సరస్సు పక్క ఊళ్ళలో భూమి చాలని మగవాళ్ళందరి బతుకూ అంతే. కోతలవగానే రంగుపొడుల సంచీ భుజాన వేసుకుని ఉత్తరాదికి నడుస్తారు. అక్కడి రైతుల ఇళ్ళలో పువ్వులూ, పాస్టరు చెప్పే కథలూ వేసి, మంచు కరిగాక తిరిగొస్తారు. ఆడపిల్లల్ని వెంట తీసుకెళ్ళరు. ఆ ఏడు కోతల్లోనే మారిట్ తల్లి పోయింది. ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక ఒలోఫ్ ఆమెనీ తీసుకెళ్ళాడు, రంగు నూరడానికీ అంబలి కాయడానికీ. తల్లిని పూడ్చినప్పుడు కూడా ఆమె ఏడవలేదు. ఎందుకో ఆమెకే తెలీదు.

పని నేర్పింది అన్న యెర్క్‌కి. ఆవు చెవి వెంట్రుకలతో కట్టిన కుంచె ఎలా పట్టాలో, ఆకుని ఒక్క ఊపులో ఎలా తిప్పాలో తండ్రి అతనికి చెబుతుంటే, మారిట్ పక్కన కూర్చుని నూరుతూ వినేది. యెర్క్‌కి మొహాలు బాగానే వచ్చాయి గానీ ఆకులంటే విసుగు. వాటిని చెల్లెలికి వదిలేశాడు. మొహాలు వేస్తే పనితనం, ఆకులు నింపితే ఇంటిచాకిరీ.

ఆ ప్రాంతంలో గోడమీద వేసిన ఆకులు చలికాలంలో పెరుగుతాయి. బెత్తెడో, జానెడో. ఈస్టరుకి ఇల్లు దులిపేటప్పుడు, కిటికీలకి అడ్డం రాకుండా ఆడవాళ్ళు వాటిని చాకుతో గీకేస్తారు. మగవాడెవడూ ఆ చాకు పట్టిన దాఖలా లేదు.

మారిట్ వేసినవి వారంలోనే పెరిగేవి.

"ఏం ఒలోఫూ, నీ ఆకులు మా గడియారాన్ని మింగేశాయే" అంది సిగ్రిడ్. వాళ్ళు దిగిన ఇంటి యజమానురాలు ఆమె.

"గుడ్లు మంచివమ్మా, బలం ఎక్కువ" అన్నాడు ఒలోఫ్. అవి కూతురు వేసినవని చెప్పలేదు.

సిగ్రిడ్ తమ్ముడు నిల్స్‌కి పెళ్ళాం పోయింది. చర్చి దగ్గర మారిట్‌ని చూశాడు. ముఖ్యంగా చేతుల్ని చూశాడు. నీళ్ళు మోస్తుందా, పాలు పితుకుతుందా అని తండ్రినడిగాడు. ఒలోఫ్ అన్నిటికీ ఔనన్నాడు. ఇకమీదట ఏటా చలికాలం తండ్రీకొడుకులిద్దరికీ నిల్స్ ఇంట్లోనే తిండీ బసా అని మాటయింది. మారిట్‌ని కూడా అడిగారు. ఆమె ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టేనట. ఆడవాళ్ళ విషయంలో అది చాలా పాత సౌకర్యం.

పెళ్ళయితే ఇక కుంచె ముట్టే పని ఉండదని మాత్రం ఆమెకి తెలుసు. ఆ ఒక్కచోట కాస్త నొప్పిగా ఉండేది, తిమ్మిరెక్కిన కాల్లో సూది దిగినట్టు.

పెళ్ళి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదవాలి. పాస్టరు మొదటిసారి చదివాక, పెళ్ళిగదికి రంగులెయ్యడానికి ముగ్గురూ నిల్స్ ఇంటికి మకాం మార్చారు. పాస్టరు చెప్పే కథల్లోంచి, దీపాలు పట్టుకుని పెళ్ళికొడుకు కోసం కాచుకున్న పదిమంది అమ్మాయిల కథ కావాలన్నాడు నిల్స్. నూనె అయిపోయిన ఐదుగురినీ యెర్క్ తలుపు బయట నిలబెట్టాడు. గుమ్మంలో పొడుగు టోపీతో పెళ్ళికొడుకుని వేశాడు.

"ఆలస్యంగా వచ్చింది వాడు. నూనె అయిపోదా మరి?" అంది మారిట్.

"నువ్వు ఆకులు చూసుకోవే. పాస్టరు కంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు యెర్క్.

ఆమె ఆకులు చూసుకుంది. తన పెళ్ళిగదికి తానే, ఒక ఆకు తర్వాత ఇంకో ఆకు.

రెండో ఆదివారానికి తీగ పెళ్ళికొడుకుని టోపీతో సహా కప్పేసింది. సిగ్రిడ్ వచ్చి, ఆకులు వేసేది మారిట్ అని అప్పుడే చూసి, గీకింది. మర్నాటికి మంచం కనబడలేదు. మళ్ళీ గీకింది. తర్వాత కిటికీ పోయింది. నిల్స్ గొడ్డలి తెచ్చి నరికాడు. తెల్లారేసరికి గది తలుపే తెరుచుకోలేదు. ఎవరూ వింతపడలేదు. ఇంత చాకిరీ ఎవరు చేస్తారన్నదే అందరి బాధ.

సిగ్రిడ్ చాకు బల్లమీద పడేసి, మణికట్టు నొక్కుకుంటూ తమ్ముడితో అంది: "పిల్ల మంచిదేరా. నాలుగు రోజులుంటేనే గోడ ఇలా ఉంది, జన్మంతా ఉంటే? ఇది గీకడానికి నీకు ఇంకో పెళ్ళాం కావాలి. నావల్ల కాదు."

మూడో ఆదివారం పాస్టరు ఆ రెండు పేర్లూ చదవలేదు.

తిండీ బసా పోయిన కోపంలో ఒలోఫ్ కూతురితో మాట్లాడటం మానేశాడు. ఆమె అది గమనించలేదు. ఈలోగా కొండమీది ఇంట్లో ఉండే ఒక ముసలావిడ బండి పంపింది. వాళ్ళ హాలులో ఈదురుగాలి ఆగట్లేదట, ఒత్తుగా ఆకులు వేసే ఆ పిల్ల కావాలిట. తండ్రీకొడుకులు అక్కర్లేదట.

"కుంచెలు నావి" అన్నాడు ఒలోఫ్.

"ఉంచుకో నాన్నా. ఆవు చెవుల్లో వెంట్రుకలకి కరువా?" అని మారిట్ బండెక్కింది.

ఆ తర్వాత ఆమె ఊరూరా తిరిగి చాలా ఇళ్ళకి రంగులేసింది. తండ్రి పోయాడని కబురొచ్చిన రోజు ఒక వంటింటి గోడ సగంలో ఉంది. ఆ గోడ పూర్తి చేసింది. ఊరికి వెళ్ళలేదు.