శౌరమ్మ రేడియోలో వాల్వు

పటమటలో ఆ సందు వాళ్లకి అలారంతో పనిలేదు. తెల్లవారగానే దీవెన ఇంట్లో పాత వాల్వుల రేడియో గొంతు సవరించుకుని, ఎప్పుడో కాలంచేసిన ఆమె అమ్మమ్మ శౌరమ్మ గొంతుతో కూనిరాగం తీసేది. దాని వైరు ఎలుకలు కొరికేసి ఏళ్లయింది. పాలు పోసే చక్రి ఆ రాగం విన్నాకే పక్క సందుకి కదిలేవాడు. ఓ రోజు కాస్త ఆలస్యమైతే, "మామ్మగారికి ఒంట్లో బాలేదాండీ?" అని అడిగి మరీ వెళ్లాడు.

బాలేనిది దీవెన గొంతుకి. థైరాయిడ్ ఆపరేషన్ తరవాత పైస్థాయి అందుకోబోతే చీలిపోతోంది. ఏటా క్రిస్మస్ పూజలో మొదటి పాట ఆమెదే. "ఆదివారం లోపు ఓ పాట రికార్డు చేసి పంపమ్మా, విని చూద్దాం," అన్నారు ఫాదర్ గారు. ఆ మాటకి అర్థం తెలియనంత అమాయకురాలేం కాదు. ఫోన్ పెట్టేసి ఏడ్చింది.

భర్త యేసుకుమార్‌కి వన్ టౌన్‌లో ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టుంది. ఇంట్లో ఉన్న చవక కండెన్సర్ మైకు ఆమె గొంతులో గరగరనే ఎత్తి చూపిస్తోంది.

"ఈ మైకులో బోర్డు పీకేసి రేడియో వాల్వు పెడితే ధ్వని మెత్తబడుతుంది, దీవెనా," అంటూ రేడియో వైపు చూశాడు.

"దాని జోలికెళ్లారంటే ఊరుకోను. మా అమ్మమ్మ ఉన్నది అందులోనే."

ఆయన మళ్లీ ఊసెత్తలేదు. ఆమే ఆ మైకులో పాడి, విని, చెరిపేసి విసిగిపోయింది. శనివారం పొద్దున తనే రేడియో వెనక అట్ట విప్పి, గాజుబుడ్డిలాంటి వాల్వుని చీరకొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

వాల్వు మైకు పొట్టలో పట్టలేదు. యేసుకుమార్ ఓ స్టీలు గ్లాసుకి కన్నాలు పెట్టి, వాల్వుని అందులో కూర్చోబెట్టి, మైకు తోకకి బిగించాడు.

"నా కాఫీ గ్లాసు!"

"కాఫీ కంటే దీనికే వేడెక్కువలే."

స్విచ్చి వెయ్యగానే దీవెన చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎప్పటి శ్రుతిలోనే ఎత్తుకుంది. ఏమీ వినపడలేదు.

"తొందరెందుకు? వాల్వు వేడెక్కాలి."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. చిన్నప్పుడు రేడియో వేడెక్కి పలికేదాకా అమ్మమ్మ నోరు ఊరుకునేది కాదు, ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేది. వాల్వు నేర్చుకున్నది ఆ రాగమే.

గ్లాసు కన్నాల్లో ఎర్రటి వెలుగు కనిపించింది. హెడ్‌ఫోన్స్‌లో శౌరమ్మ కూనిరాగం మొదలైంది, కిందిస్థాయిలో, నింపాదిగా. దీవెన అలవాటుకొద్దీ గొంతు కలిపింది. చీలలేదు. కాసేపటికి అమ్మమ్మ ఆగిపోయింది. ఆ సంగతి గమనించకుండానే దీవెన అదే శ్రుతిలో పాటంతా పాడేసింది. యేసుకుమార్ చప్పుడు కాకుండా రికార్డు చేశాడు.

"ఏవండీ, ఇన్నాళ్లూ పైకే ఎక్కాలని ఎందుకంత యాతన పడ్డాను?" అంది ఆమె. హెడ్‌ఫోన్స్ తీసి నవ్వేసింది.

సాయంత్రానికల్లా ఫాదర్ గారు పాట విని ఫోన్ చేశారు. "క్రిస్మస్‌కి శ్రుతి తగ్గించి వాయించమని కీబోర్డు సురేష్‌తో చెప్పానమ్మా."

మర్నాడు తెల్లవారింది. రేడియో పలకలేదు. చక్రి పాలు పోసి, గేటు దగ్గర బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. వంటింట్లో దీవెన పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేదాకా ఊరుకోలేక, కిందిస్థాయిలో కూనిరాగం అందుకుంది.

"మామ్మగారు లేచారు," అనుకుని చక్రి బండి స్టార్ట్ చేశాడు.