చెట్టు తీసిన రోజు

ఫోటోగ్రాఫర్ అద్దెకుంటున్నది సొంత అక్క ఇంటి మేడ మీద. కింద బావ మెకానిక్ షెడ్డు. షెడ్డుకూ గేటుకూ మధ్య ఒక చెట్టు. మంచు పడ్డ మొదటి రోజు నుంచి ఆమె ఆ చెట్టును ఒకే కిటికీలోంచి తీస్తోంది. చలికాలం ఫోటోలన్నీ అయిపోయాయి. వసంతం వచ్చినట్టు చూపే ఒక్క ఫోటో పడితే పుస్తకం పూర్తవుతుంది. అది లేకుండా తన దగ్గరికి రావద్దని ప్రచురణకర్త తెగేసి చెప్పాడు.

బావకు ఆ చెట్టంటే ఒళ్లు మంట. దాని నీడలో మంచు కరగదు, రిపేరుకొచ్చిన బండి సరిగ్గా అక్కడే జారుతుంది. కొట్టేద్దామని చలికాలమంతా నస పెట్టాడు. చిగురేసే దాకా ఆగమని ఆమె అక్క చేత చెప్పించింది. అప్పటి నుంచి అతను మేడమెట్ల మీద మంచు ఊడ్చడం మానేశాడు. ఆమె రెండుసార్లు పడింది. అక్క చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఫోటో అనే మాట వాడే అలవాటు ఆమెకు లేదు. కొండ తీశాను, వంతెన తీశాను అంటుంది. మా మరదలు పొద్దున్నే కొండ తీసేసి వచ్చి కాఫీ తాగుతుందని నలుగురిలో జోకులేసింది బావే.

చలికాలం చివర ఒక సాయంత్రం కొమ్మల మీద మొగ్గలు ఉబ్బి కనిపించాయి. బావ మెట్లకు అడ్డం నిలబడి, ఇంకా ఎన్నాళ్లీ భాగోతం అని అడిగాడు.

"రేపు ఎండొస్తే చెట్టు తీసేస్తాను బావా. మీకూ పీడ వదులుతుంది, నాకూ వదులుతుంది."

"తీసేస్తావా?"

"తీసేస్తాను."

పొద్దున రంపం మోతకు లేచింది. కెమెరా, ట్రైపాడ్ పట్టుకుని దిగేసరికి చెట్టు గేటుకు అడ్డంగా పడి ఉంది.

"నువ్వేగా తీసేస్తానన్నావు" అన్నాడు బావ. "నీకు రంపం చేతకాదని నేనే తీశాను."

ఆయన నిజంగానే అలా అనుకున్నారే అంది అక్క, గుమ్మంలోంచి. అనుకోలేదని ముగ్గురికీ తెలుసు.

కోసిన మొద్దులోంచి నీరు ఊరుతోంది. బెరడు మీదుగా కారి మంచును తొలుస్తోంది. వేళ్ల నుంచి నీరు ఎక్కిందంటే వసంతం చెట్టులోకి వచ్చేసినట్టే. ఫోటోగ్రాఫర్ ట్రైపాడ్ నిలబెట్టింది. మొద్దు, దాని వెనక బావ, అతని చేతిలో రంపం. మీట నొక్కింది.

"నన్నెందుకు పెట్టావ్ అందులో? తీసెయ్ దాన్ని."

"తీసేశాను."

"చెరిపెయ్యమంటున్నా."

"మరి ఆ మాటే అనాలి బావా."

అతను రంపం కింద పడేసి కెమెరా మీదికి వచ్చాడు. అక్క మెట్టు దిగి ఇద్దరి మధ్యా నిలబడింది. నిలబడింది చెల్లెలి వైపు తిరిగి.

"మేడ ఖాళీ చెయ్యి" అంది.

ఫోటోగ్రాఫర్ తల ఊపింది. ట్రైపాడ్ ఎత్తి, మొద్దుకు ఇంకాస్త దగ్గరగా పెట్టి, ఈసారి అక్కను కూడా కలిపి తీసింది.