రెండు పాత లెన్సులు

సాయంత్రం అక్క మొదటి నాటకం. ఫొటోలు తీయాల్సిన చెల్లెలి రేంజ్‌ఫైండర్ కెమెరాను పొద్దున బావ కింద పడేశాడు. లెన్సు పగిలిపోయింది.

పాత కెమెరాల దుకాణంలో వాళ్లకు అందే ధరలో రెండే లెన్సులు దొరికాయి. ఒకటి తళతళలాడుతోంది, ఇంకోటి గీతలు పడి ఉంది.

"మెరిసేదే తీసుకోమ్మా," అన్నాడు బావ బిక్కమొహంతో.

ఆమె దాన్ని బిగించి వీధి చివరి టవర్ వైపు చూసింది. కెమెరా కిటికీలో టవర్ రెండు బొమ్మలుగా కనిపించింది; అవి కలిస్తేనే ఫోకస్ కుదిరినట్టు. ఎంత తిప్పినా అవి కలవలేదు. లోపం లెన్సుదా, కిందపడ్డ కెమెరాదా?

రెండోది బిగించి తిప్పింది. రెండు బొమ్మలూ మెల్లగా జరిగి ఒక్కటయ్యాయి.

"కెమెరా బాగానే ఉంది బావా! ఇదే తీసుకుందాం."

"మరి ఆ గీతలో?"

"పై గొట్టం మీదే. అద్దం శుభ్రంగా ఉంది."

బావ అక్కడి స్టూలు మీద కూలబడ్డాడు. "హమ్మయ్య! ఇక మీ అక్కకు మొహం చూపించగలను."