షూహెయ్ పాసయ్యాడు

"నమస్కారమండీ, కోచింగ్ సెంటర్ నుంచి కిజిమాను. పరీక్ష ఫలితం కనుక్కుందామని చేశాను."

అవతల ముసలావిడ గట్టిగా అరిచింది. "ఏమిటీ? ఏం అమ్ముతున్నావమ్మాయ్? మాకేం వద్దు!"

"అమ్మడం కాదండీ బామ్మగారూ. మీ మనవడి పరీక్ష సంగతి."

"వాడా? పొద్దుట్నుంచీ గెంతుతూనే ఉన్నాడు. నేల విరిగేట్టుంది. ఆ యూనివర్సిటీ వాళ్లని తొందరగా తీసుకుపొమ్మను!"

కిజిమా తోకియె నవ్వి, కంప్యూటర్ తెర మీద ఆ పేరు పక్కన గుండ్రం పెట్టింది. పాసైతే గుండ్రం, తప్పితే అడ్డగీత. బుగ్గన ఉన్న అల్లం బిళ్లను రెండోవైపుకు తోసి తర్వాతి నంబరు నొక్కింది.

జపాన్‌లోని నీగతా ఊళ్లో మార్చి నెలంతా ఆమె పని ఇదే. పిల్లలు ఏడాది పొడవునా ఈ కోచింగ్ సెంటర్‌లో మాక్ టెస్టులు రాస్తారు. మార్కుల్ని బట్టి గ్రేడ్లు వస్తాయి. ‘ఏ’ గ్రేడంటే కోరుకున్న సీటు ఇంచుమించు చేతికొచ్చినట్టే. అలాంటివాళ్లలో నూటికి ఎనభై మందికి వస్తుంది. అసలు పరీక్షలో ఎవరు నెగ్గారో, ఎవరు తప్పారో అడిగి తెలుసుకుంటేగానీ వచ్చే ఏటి గ్రేడ్లు సరిగా వేయలేరు. ఆ అడగడమే తోకియె ఉద్యోగం. మిగతా నెలల్లో బల్లల మీది రబ్బరు పొట్టు తుడుస్తుంది, జవాబు పత్రాలు కట్టలు కడుతుంది. అరవైకి దగ్గర పడిన సన్నటి మనిషి. మోచేతుల దగ్గర నూలు తేలిన బూడిదరంగు స్వెట్టరు. ఫోను ఆనించి ఆనించి ఎడమ చెవి కుడి చెవికన్నా ఎర్రగా ఉంటుంది. తను ఏ కాలేజీకీ పరీక్ష రాయలేదు. స్కూలవగానే ఫ్యాన్ల ఫ్యాక్టరీలో చేరింది, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు, ఎవరూ గట్టిగా అడగలేదు, తనూ ఎదురుచూడలేదు.

"‘ఏ’ గ్రేడు ఇచ్చింది మీరే కదండీ," అంది తర్వాతి అమ్మాయి. ఏడవడం లేదు. "ప్రతిసారీ ‘ఏ’ ఇచ్చారు. మరి అక్కడ రాసిందెవరు? నేను కాదా?"

"ఏమన్నా తిన్నావా అమ్మా?" అంది తోకియె. ఇలాంటి ప్రశ్న అడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"తిన్నానండీ." ఫోను పెట్టేసిన చప్పుడు. అడ్డగీత.

అలాంటి గొంతులు ఇంటిదాకా వెంటవస్తాయి. స్నానపు తొట్టిలో మెడదాకా వేడినీళ్లలో మునిగి కూర్చున్నా, ఆవిరిలోంచి వినిపిస్తూనే ఉంటాయి.

మధ్యాహ్నం బ్రాంచి మేనేజరు ఒరికాస, వేడి డబ్బా కాఫీ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "వచ్చే ఏడాది నుంచి పిల్లలే ఫలితం సెల్‌ఫోన్‌లో నొక్కేస్తారు కిజిమా గారూ. ఇక మీ చెవికి విశ్రాంతి."

"మంచిదేనండీ. ఏనాడో సెలవడిగింది పాపం."

ఇద్దరూ నవ్వారు. ఇవాళ్టితో ఆఖరు. పిల్లలందరి పేర్లూ అయిపోయేసరికి కిటికీ అవతల సన్నటి ఎండ వాలుతోంది. ఇంకొక్క ఫోను మాత్రం మిగిలింది. అది ఎవరూ చేయమన్నది కాదు.

పదేళ్ల కిందటి మాట. హయామా షూహెయ్ అనే పిల్లవాడు సెందాయ్ ఊరి యూనివర్సిటీలో ఇంజనీరింగు సీటు కోసం ఇక్కడ చదువుతుండేవాడు. మాక్ టెస్టులన్నిటిలోనూ ‘ఏ’ గ్రేడే. మార్చిలో తోకియె ఫోను చేస్తే తల్లి ఎత్తింది. "పాసయ్యాడండీ," అంది. తోకియె శుభాకాంక్షలు చెప్పి గుండ్రం పెట్టింది. వారం తిరక్కముందే స్టాఫ్ గదిలో ఎవరో అన్నారు, ఆ పిల్లవాడు అసలు పరీక్షే రాయలేదని. జనవరిలో, పరీక్ష ఇంకా కొన్నాళ్లుందనగా, మంచు మీద జారిన లారీ అతని సైకిలు మీదికి వచ్చేసింది, అక్కడికక్కడే పోయాడు. ఆ గుండ్రాన్ని చెరపడానికి తోకియెకు చెయ్యి రాలేదు.

క్షమాపణ చెప్పుకుందామని మరుసటి మార్చిలో మళ్లీ చేసింది. నోరు తెరవకముందే ఆ తల్లి, "మావాడు రెండో ఏడాదిలోకి వచ్చాడండీ. తనే వండుకుంటున్నాడట. ఆ పులుసు నోట పెట్టలేమట, అంతా ఉప్పే," అని నవ్వింది.

"అలాగా అండీ," అంది తోకియె.

అప్పట్నుంచి ప్రతి మార్చిలోనూ అంతే. ఆవిడ మాటల్లో షూహెయ్ చదువు ముగించాడు. వంతెనలు కట్టే కంపెనీలో చేరాడు. పెళ్లాడాడు, కోడలికి చేప వాసన పడదట. ఆ బతుకంతా ఒక్క ‘ఏ’ గ్రేడు మీద నిలబడింది. నూటికి పరీక్ష తప్పే ఆ ఇరవై మందిలో వాడూ ఒకడయ్యేవాడేమోనని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఖాళీ క్లాసులో బల్లలు తుడుస్తుంటే, వెనక వరసలో ఎవరో ఏటికేడు వయసు పెరుగుతూ కూర్చుని ఉన్నట్టు తోకియెకు అనిపించేది. తల తిప్పేది కాదు.

ఇవాళ ఆ తల్లికి చెప్పాలి, ఇక ఫోను రాదని. నంబరు నొక్కింది.

ఎత్తింది మగమనిషి. "హయామా."

"కోచింగ్ సెంటర్ నుంచి కిజిమాను..."

"ఆఁ." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ పోయిందండీ. ఆకులు రాలే రోజుల్లో, ఆస్పత్రిలో. మార్చిలో మీరు చేస్తారని చెప్పింది. తప్పకుండా ఎత్తమంది."

తోకియె లేచి నిలబడి, ఎవరూ లేని గదిలో నడుము వంచి నమస్కరించింది. ఏం అన్నదో తనకే తెలియలేదు.

"మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను పక్క గదిలోనే ఉండేవాణ్ణి," అన్నాడాయన. "మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత టీవీ కట్టేసి వినేవాణ్ణి... అడగండి. ఆవిణ్ణి ఎలా అడిగేవారో అలాగే."

తోకియె మళ్లీ కుర్చీలో కూర్చుంది. "షూహెయ్ గారు ఎలా ఉన్నారండీ?"

"వాడికి ఈ ఏడు... బదిలీ..." మాట ఆగిపోయింది. "నావల్ల కాదండీ. అది ఆవిడకే వచ్చు. కిజిమా గారూ, మీరు ఎంతోమందిని చూసుంటారు. వాడు పాసయ్యేవాడంటారా?"

అవునని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. పొద్దుటి అమ్మాయి గొంతు చెవిలో మెదిలింది.

"తెలీదండీ," అంది.

"తెలీదు కదా!" ఆయన గొంతులో ఏదో ముడి విడింది. "నాకూ తెలీదు. ఇన్నేళ్లూ ఆ మాట ఇంట్లో ఎవరితో అనేదండీ? ఆ పొద్దున మంచూ వానా కలిసి పడుతోంది. గొడుగు పట్టుకెళ్లరా అన్నాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు, వెధవ. ఆ గొడుగు ఇక్కడే ఉంది. ఒక్క క్షణం ఆగండి."

ఆయన నడిచి వెళ్లడం, తలుపు జరగడం వినిపించాయి. కాసేపటికి, చువ్వలకు అంటుకుపోయిన గుడ్డ ఒక్కొక్క మడతే ఊడుతూ, గొడుగు మెల్లగా విచ్చుకుంటున్న చప్పుడు.