బావగారి ఊదా పెన్సిల్

కలప మిల్లులో కొలతల మేస్త్రిని చెవి మీద పెన్సిల్ లేకుండా చూసినవాళ్లు లేరు. ఎర్రటి, బల్లపరుపు పెన్సిల్. గుండ్రటిదైతే చెక్క మీద పెట్టగానే దొర్లిపోతుంది, ఇది పెట్టినచోట పడి ఉంటుంది. దాన్ని ఉలితో చెక్కి, మొనను గరుకు కాగితం మీద రుద్ది, ఉలికున్నట్టే అంచు తెప్పించేవాడు. ఆ అంచుతో గీస్తే గీత వెంట్రుకలా పడేది. "గీత లావైతే కోత వంకర" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. పాతవాళ్లకీ చెప్పేవాడు. వినేవాళ్లు లేకపోతే దూలానికైనా చెప్పగలడు.

అలాంటి మిల్లులోకి ఆయన వియ్యంకుడు, అంటే కూతురి మామగారు, పనికి వచ్చాడు. ఏళ్ల తరబడి పార్సిళ్ల ఆఫీసులో మూటల మీద చిరునామాలు రాసిన మనిషి. ఆ ఆఫీసు మూతపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, మేస్త్రి మాటసాయంతో ఇక్కడ చేరాడు. మెత్తటివాడు. పిలిస్తే పలికేవాడు, పిలవకపోతే తన పలకలేవో తాను కొలుచుకునేవాడు. మిల్లులో అందరికీ ఆయన 'పార్సిలాయన'.

పార్సిలాయన జేబులో ఊదా పెన్సిల్ ఉండేది. మూటల మీద రాసే పని చేసినవాళ్లకి దాని గుణం తెలుసు. పొడిగా రాస్తే మామూలు పెన్సిల్‌లాగే బూడిదరంగు. తడి తగిలిందా, ఊదారంగుకి తిరిగి ఇక నీళ్లకీ సబ్బుకీ లొంగదు. ఆయన దానికి చిన్న రేకు తొడుగు చేయించుకుని, రాసిన ప్రతిసారీ తొడిగి, చొక్కా జేబులో నిలబెట్టుకునేవాడు. మొనను పొరపాటున కూడా నాలికకి తగలనిచ్చేవాడు కాదు. పక్కన ఒక తడిగుడ్డ పెట్టుకుని దానికి అద్దేవాడు.

మేస్త్రికి ఆ పెన్సిల్‌ని చూస్తే ఒళ్లుమంట. ఒకరోజు టీ తాగేవేళ, పదిమందీ ఉండగా, అన్నాడు:

"చెరగని గీత గీసేవాళ్లు రెండు రకాలే ఉంటారు బావగారూ. ఒకడు బ్రహ్మదేవుడు, ఇంకొకడు పొగరుబోతు. మీరు ఏ రకం?"

పార్సిలాయన గ్లాసులోకి చూస్తూ, "మూడో రకమండీ. వానలో తడిసినవాణ్ణి" అన్నాడు.

అందరూ నవ్వారు. రంపం దగ్గర పనిచేసేవాణ్ణి మిల్లులో 'రంపం' అనే పిలుస్తారు, వాడైతే టీ ఒలకబోసుకుని మరీ నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోయింది. తాను తెచ్చి పెట్టిన మనిషి, తన మీదే మాట విసిరి గెలవడమేమిటి? అప్పటినుంచీ ఊదా పెన్సిల్ మీద ఏదో ఒకటి అనకుండా ఆయనకి పూట గడిచేది కాదు.

వానాకాలం వచ్చింది. ఒకనాడు పొద్దున్నే ఒక ఇంటి పైకప్పుకి వెళ్లాల్సిన పెద్ద దూలం కొలతకి వచ్చింది. రాత్రంతా వాన కురవడంతో దూలం నాని, నల్లబడి ఉంది. మేస్త్రి ఎర్ర పెన్సిల్ తీసి గీశాడు. పడలేదు. ఉలితో మళ్లీ చెక్కి గీశాడు. మొన జారిపోయి, ఎలుక పారినట్టు ఒక చార పడింది తప్ప గీత లేదు. చుట్టూ చూశాడు. అందరూ టీకి వెళ్లారు. పార్సిలాయన చొక్కా మేకుకి వేలాడుతోంది. జేబులోంచి రేకు తొడుగు తొంగిచూస్తోంది.

అడిగితే ఇచ్చే మనిషే. కానీ అడగాలంటే ఇన్నాళ్లూ అన్న మాటలన్నీ మింగాలి. జేబులోంచి తీసుకోవడానికైతే చెయ్యి చాలు.

తీసుకున్నాడు. వంగి, పాత అలవాటు కొద్దీ మొనను నాలిక మీద ఒకసారి రాసుకున్నాడు. చేదుగా తగిలింది. పట్టించుకోలేదు. కళ్లు గుమ్మం మీద ఉన్నాయి, చెయ్యి టేపు మీద ఉంది.

ఆ టేపు సంగతి చెప్పాలి. ఎప్పుడో దాని మొదటి అడుగు విరిగిపోయింది. కొత్తది కొంటామంటే మేస్త్రే వద్దన్నాడు. "టేపు తెగితే తెగింది, నా లెక్క తెగలేదుగా" అన్నాడు. ఒకటి అని ఉన్న గీత దగ్గర మొదలుపెట్టి, చివర ఒక అడుగు ఎక్కువ చదువుకోవాలి. మిల్లులో ఎవరు కొలుస్తున్నా పక్కనున్నవాడు "అడుగు కలిపావా?" అనేవాడు, అదొక పలకరింపులా అయిపోయింది. ఆ పొద్దున్న పక్కన ఎవరూ లేరు. మేస్త్రి అడుగు కలపలేదు. గీత గీసి, పెన్సిల్ తుడిచి, తొడుగు పెట్టి, జేబులో ఎలా ఉందో అలాగే నిలబెట్టి, గోదాములోకి వెళ్లిపోయాడు.

టీ నుంచి వచ్చిన రంపం ఊదా గీత చూశాడు. గీత ఉంటే కొయ్యడమే వాడి పని. కోశాడు.

సాయంకాలం మిల్లు యజమాని గొడుగు పట్టుకుని వచ్చి దూలం పక్కన నిలబడ్డాడు. ఇంటివాళ్లు కొలతలు చూసి వెనక్కి పంపేశారు. అడుగు తక్కువ. పొడుగైతే కోసుకోవచ్చు, పొట్టిదాన్ని సాగదీసేదెవరు?

"ఎవరు పెట్టారు ఈ గుర్తు?" అన్నాడు యజమాని.

ఎవరూ పలకాల్సిన అవసరం లేకపోయింది. గీత ఊదారంగులో ఉంది. అందరి కళ్లూ పార్సిలాయన మీదికి వెళ్లాయి. ఆయన వంగి ఆ గీతని చూశాడు. ఇన్నేళ్లు రాసిన చేతికి, తాను గీయని గీత తెలియదా? తల ఎత్తి, "సార్, ఇది..." అన్నాడు.

మేస్త్రికి అప్పుడు నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే తీరే వేరు.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను సార్!" అని అందుకున్నాడు. "ఆ పెన్సిల్ వద్దు, వద్దు అని. చెరిగిపోయే గీతైతే మనిషి రెండోసారి చూసుకుంటాడు. చెరగదనేసరికి కళ్లు నెత్తికెక్కుతాయి. పనిలో నిజాయితీ ఉండాలి సార్. తప్పు జరిగితే జరిగిందని చెప్పే ధైర్యం ఉండాలి. నా చేతికింద పనిచేసేవాడు వియ్యంకుడైనా సరే, నేను వెనకేసుకురాను!"

చెయ్యి ఊపుతూ, నోరంతా తెరిచి, ఇంకా చాలా చెప్పాడు. మధ్యలో రంపం మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు. ఇంకొకడు పొట్టుకుప్ప వెనక్కి వెళ్లాడు. రంపపుపొట్టు గొంతులో పడిందేమో అనుకున్నాడు మేస్త్రి. యజమాని మాత్రం గొడుగు చాటునుంచి దూలం వైపే చూస్తున్నాడు.

పార్సిలాయన మేస్త్రి మొహంలోకి చూశాడు. కళ్లలోకి కాదు, కాస్త కిందికి. కొద్దిసేపు అలాగే చూసి, తల దించుకున్నాడు.

"పొరపాటైంది సార్. అడుగు కలపడం మర్చిపోయాను" అన్నాడు.

యజమాని ఆయన్ని టేపు ముట్టుకోవద్దన్నాడు. పొట్టు బస్తాలకెత్తే పనికి వెళ్లమన్నాడు. "ఉంచాలో పంపాలో నెలాఖరుకి చెబుతా" అన్నాడు.

ఇంటికి వెళ్లి మేస్త్రి కాళ్లు కడుక్కుంటూ, జరిగిందంతా తన వైపునుంచి భార్యకి చెప్పాడు. ఆమె తువ్వాలు పట్టుకుని వింటూ వింటూ, "ఏమండీ, సిరా తాగారా?" అంది.

"ఏం వాగుతున్నావ్?"

"నాలిక చాపండి."

గోడకున్న చిన్న అద్దం ముందు చాపాడు. నాలిక మధ్యలో, మొననుంచి లోపలిదాకా, నిండు ఊదారంగు. పెదవి లోపల కూడా.

రంపం దగ్గు అప్పుడు అర్థమైంది. పొట్టుకుప్ప వెనక్కి వెళ్లినవాడి సంగతీ అర్థమైంది. నిజాయితీ అన్నప్పుడు, ధైర్యం అన్నప్పుడు, నోరు ఎంత వెడల్పుగా తెరిచాడో గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. బావగారు ఎక్కడ చూశారో గుర్తొచ్చాక ఇక అద్దంలోకి చూడలేకపోయాడు.

ఉప్పుతో తోమాడు, నిమ్మచెక్కతో రుద్దాడు. నాలిక వాచి మండింది గానీ రంగు పోలేదు. భార్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"అన్నయ్యగారి పెన్సిల్ మీ నోట్లోకి ఎలా వచ్చింది?" అని ఒక్కటే అడిగింది. ఆయన ఇంకో నిమ్మచెక్క అందుకున్నాడు. ఆమె ఇంకొకమాట మాత్రం అని లోపలికి వెళ్లింది. "మన పిల్ల ఆ ఇంట్లో ఉంది."

మర్నాడు మేస్త్రి దవడకి తువ్వాలు చుట్టుకుని వెళ్లాడు. పన్ను నొప్పి అని చేత్తో సైగ చేశాడు.

"అయ్యో, పైదా, కిందదా మేస్త్రిగారూ?" అన్నాడు రంపం. వాడి మొహం చాలా గంభీరంగా ఉంది. "మాట్లాడకండి, మాట్లాడకండి. గాలి తగిలితే ఇంకా పోటెత్తుద్ది."

ఎగతాళి చేసినా బాగుండేది. అందరూ ఆయన పన్నుని నమ్మినట్టే నడుచుకున్నారు. సైగ చేయకముందే చెక్క అందించారు. దొంగకి తేలు కుట్టినట్టు, ఆయన దవడ పట్టుకుని తిరిగాడు. కొలత చెప్పాల్సి వస్తే వేళ్లు చూపించాడు. షెడ్డు చివర పార్సిలాయన ముక్కుకి గుడ్డ కట్టుకుని బస్తాలకి పొట్టు ఎత్తుతూ దగ్గుతున్నాడు. అది దొంగ దగ్గు కాదు.

చెప్పేస్తాననే అనుకున్నాడు మేస్త్రి. ఆ రోజూ అనుకున్నాడు, మర్నాడూ అనుకున్నాడు. కానీ చెప్పాలంటే నోరు తెరవాలి. ఈ నాలికతో యజమాని గదిలో నిలబడితే కోతినాడించినట్టు ఉంటుంది. రంగు పోనీ, మనిషిలా వెళ్లి మర్యాదగా చెబుతాను అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. తప్పు ఒప్పుకోవడంలో కూడా మర్యాద వెతుక్కునే మనిషిని ఏమనాలో ఆయనకే తెలియలేదు.

ఆ మధ్యలోనే కూతురు ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"నాన్నా, మామయ్యని పొట్టు ఎత్తే పనికి వేశారట? ఆయనకి అసలే ఆయాసం. తప్పు నాదేనమ్మా అంటారు తప్ప ఇంకేమీ చెప్పరు. నువ్వు అక్కడ ఉండి ఒక్కమాట సర్దిచెప్పలేకపోయావా?"

మేస్త్రి దవడ పట్టుకున్నాడు.

"నీ పన్ను తర్వాత చూసుకుందాం. పదిమందిలో నువ్వే కేకలేశావట కదా. నిజమా?"

తల ఊపాడు.

"ఎందుకు నాన్నా? మాట్లాడవేం?"

ఆయన పెదవులు బిగించుకున్నాడు. కూతురు ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు దానికి అక్షరాలు దిద్దించిన మనిషి, ఇప్పుడు ఒక్క అక్షరం పలకలేక గోడ వైపు తిరిగాడు. "సరేలే" అని అది వెళ్లిపోయింది. వంటింట్లోంచి భార్య బయటికి రాలేదు.

రంగు పూర్తిగా పోయిన పొద్దున, మేస్త్రి అద్దంలో ఒకటికి రెండుసార్లు చూసుకుని, తువ్వాలు తీసి, నేరుగా యజమాని గదికి వెళ్లాడు. పార్సిలాయన్నీ రంపాన్నీ కూడా పిలిపించమన్నాడు.

"సార్, ఆ గీత నాది. బావగారి జేబులో పెన్సిల్ ఆయనకి తెలియకుండా తీసుకుని నేనే గీశాను. అడుగు కలపనిది నేనే."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహం మెత్తబడింది.

"మేస్త్రీ, నువ్వు ఇలా వస్తావని నాకు తెలుసయ్యా. పదిమందిలో ఆయన్ని అన్నావు, మనసు పీకుతోంది. కూతురి అత్తవారిల్లాయె."

"అది కాదు సార్, నిజంగానే నేను..."

"నీకు టేపు కొలత తప్పడమేమిటయ్యా? చెబితే నవ్వుతారు. పైగా ఊదా పెన్సిల్ నువ్వు ముట్టుకుంటావా?"

"నా నాలిక ఊదారంగు అయింది సార్! అందరూ చూశారు. రంపాన్ని అడగండి!" అని గొంతు పెంచి, యజమాని ముందు నాలిక చాపాడు. ఎర్రగా, శుభ్రంగా, చంటిపిల్లాడి నాలికలా ఉంది.

యజమాని నవ్వు ఆపుకుంటూ రంపం వైపు చూశాడు. రంపం ముందు మేస్త్రిని చూశాడు, తర్వాత పార్సిలాయన్ని చూశాడు. పార్సిలాయన తల చాలా కొద్దిగా అడ్డంగా ఊగింది.

"రంపం ముందు నిలబడ్డప్పుడు చెక్క తప్ప మనుషుల నోళ్లు ఎక్కడ చూస్తాం సార్?" అన్నాడు వాడు.

"విన్నావుగా. ఎంత పెద్ద మనసయ్యా నీది! వియ్యంకుడి కోసం తప్పు నెత్తిన వేసుకునేవాణ్ణి ఇక్కడే చూస్తున్నా." యజమాని పార్సిలాయన వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీ మొహం చూసి కాదు, మేస్త్రి మొహం చూసి మళ్లీ టేపు ఇస్తున్నా. ఆయనకి రుణపడి ఉండండి."

పార్సిలాయన చేతులు జోడించాడు. యజమానికి కాదు, మేస్త్రికి.

"చాలా సంతోషం బావగారూ" అన్నాడు.

ఆ మాటలో వెటకారం ఉందేమోనని మేస్త్రి ఆశగా వెతికాడు. లేదు.

బయటికి వచ్చాక, షెడ్డు దాకా నడిచే దారిలో, మేస్త్రి ఆగాడు. "సాయంకాలం మీ ఇంటికి వస్తాను బావగారూ. అమ్మాయికైనా నిజం చెబుతాను. దానికైనా తెలియాలి."

"వద్దండి."

"ఎందుకు?"

"కొలత తప్పిన మామగారు ఉంటే మా కోడలికి వచ్చిన చిన్నతనం ఏమీ లేదు. తన తప్పు వేరేవాడి మీదికి నెట్టి ఊరుకున్న తండ్రి ఉన్నాడంటే, మా ఇంట్లో అది తలెత్తుకోలేదు. మా వాళ్లు ఒక్కమాట అనకపోయినా ఎత్తుకోలేదు. నేను ఒప్పుకున్నది మీ కోసం కాదు బావగారూ." ఆయన దగ్గు వచ్చి ఆగి, మళ్లీ అన్నాడు. "అది మీరు మాట్లాడలేదని ఏడుస్తోంది. వచ్చి మాట్లాడండి. ఇది మాత్రం చెప్పకండి."

మేస్త్రికి చప్పున గుండె తేలికైంది. కూతురికి తెలియదు. ఎప్పటికీ తెలియదు. హమ్మయ్య అనుకున్నాడు.

అనుకున్నాక, ఆ హమ్మయ్య తనలోంచి ఎంత త్వరగా వచ్చిందో చూసుకున్నాడు. అద్దం లేకపోయినా కనబడింది.

పార్సిలాయన ముందు నడుస్తున్నాడు. వాన వెలిసిన బురదలో ఆయన అడుగులు నెమ్మదిగా పడుతున్నాయి. రెండంగలు వేస్తే కలుసుకోవచ్చు. మేస్త్రి చెప్పు పట్టీ ఊడిందన్నట్టు వంగి, ఊడని పట్టీని సర్దుకుంటూ, ఆయన షెడ్డులోకి వెళ్లేదాకా అక్కడే కూర్చుండిపోయాడు.