తప్పు వాయిస్తే మాట్లాడే గిటారు

పొద్దుటి పనులయ్యాక ఆవిడ కిటికీ దగ్గర పీట వేసుకుని, టైలరు పంపిన చొక్కాల మూట విప్పుకుంటుంది. గుండీలు కుట్టడం, గుండీ దూరే కన్నం చుట్టూ దారంతో అంచు అల్లడం, అదే, కాజాలు తియ్యడం ఆవిడ పని. వీధిలో అందరికీ ఆవిడ కాజాలమ్మ. చొక్కా చిరిగిపోయినా కాజాలమ్మ తీసిన కాజా మాత్రం గట్టిగా ఉంటుందని టైలరు అంటుంటాడు. సూదితో సావాసం చేసి చేసి ఆవిడ కుడిచేతి వేళ్ళు ఎప్పుడో రాటుదేలాయి. బట్ట పట్టుకోవడం తప్ప వేరే పనిలేని ఎడమచెయ్యి మాత్రం మొన్నమొన్నటిదాకా మెత్తగానే ఉండేది.

చొక్కాలు మడతపెట్టి, టీ తాగి, గోడకున్న గిటారు దింపి ఒళ్ళో పెట్టుకుంటుంది. గోడవతల సైకిల్ షాపాయన పంక్చర్ వేస్తూనే అడుగుతాడు.

"ఇవాళ ఏమంటున్నారమ్మా మాస్టారు?"

"చూపుడువేలు వంకరగా ఉందంటున్నారు."

"నన్నూ అదే అనేవారు. నా వేలు పుట్టుకే అంత మాస్టారూ అంటే, అయితే మీ అమ్మగారిని పిలు, ఆవిడకే చెప్తా అనేవారు."

మాస్టారంటే ఆవిడ భర్త. పోయి ఏడాది దాటింది. ముందుగదిలో చిన్నపిల్లలకి ఉకులేలే, అదే, నాలుగు తీగల బుల్లి గిటారు, పెద్దవాళ్ళకి పెద్ద గిటారు నేర్పేవాడు. ఊళ్ళో సగంమంది ఆయన బెంచీ ఎదుట కూర్చుని లేచినవాళ్ళే. భార్యకి మాత్రం నేర్పలేదు. ఆవిడ అడగలేదు, ఆయనకి తోచలేదు. వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఎవరికి ఏ వేలు నడవడం లేదో వింటూ ఉండటమే ఆవిడ చదువు.

ఆయన పోయాక ఒకరోజు దుమ్ము దులుపుతూ ఉకులేలే చేతిలోకి తీసుకుంది. కావలసిన తీగలు తగినచోట నొక్కిపెట్టి అన్నీ కలిపి మీటితే వచ్చే నిండు శబ్దాన్ని కార్డ్ అంటారు. ఉకులేలే మీద సి కార్డ్‌కి ఒక్క ఉంగరంవేలు చాలు, పసివాళ్ళకి మొదట అదే చెప్పేవాడు. ఆవిడా ఉంగరంవేలు పెట్టి మీటింది. తీగ బుర్రుమంది. ఆ వెంటనే ఉకులేలే కడుపులోంచి ఆయన గొంతు వినబడింది.

"వేలు ఆ ఇత్తడి గీతమీద కాదు. గీతకి కాస్త వెనక."

"అలాగేనండీ," అంది ఆవిడ. వేలు వెనక్కి జరిపి, మళ్ళీ మీటి, ఇంకో తప్పు చేసింది. దానికీ చెప్పాడు.

సాయంత్రం కూతురికి ఫోన్ చేసింది. కూతురు వేరే ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు.

"నాన్న మాట్లాడారే."

"ఏమన్నారు?"

"వేలు సరిగ్గా పెట్టమన్నారు."

"ఆయన ఇంకేమంటారులే," అంది కూతురు.

అలా పాఠాలు మొదలయ్యాయి. ఒక్కో వేలినీ వరసగా తీగమీద సాలెపురుగులా నడిపించడం, మణికట్టు బిగపట్టకుండా కిందికీ పైకీ మీటడం, ఒక కార్డ్‌లోంచి ఇంకోదానిలోకి వేళ్ళన్నీ ఒకేసారి దూకించడం. "చెయ్యి విసనకర్రలా ఊగాలి, రోకలిలా పడకూడదు," అనేవాడు. "చిటికెనవేలిని మేనమామ ఇంటికి పంపావా? ఎక్కడా కనబడదే?" అనేవాడు. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన ఆవిడతో ఇన్ని మాటలు ఆడలేదు. ఎడమచేతి వేళ్ళకొసలు మొదట ఎర్రబడ్డాయి, తర్వాత బొబ్బలెక్కాయి, తర్వాత చింతగింజల్లా గట్టిపడ్డాయి. పిల్లలు తమ వేళ్ళు మురిపెంగా చూసుకున్నట్టు ఆవిడా చూసుకుంది.

ఒకరోజు సి కార్డ్ ఎక్కడా చిటపటలాడకుండా, కడిగిన గ్లాసులా పలికింది. ఆవిడ ఎదురుచూసింది. ఆయన ఏమీ అనలేదు. వచ్చిన పాఠం గురించి ఇక చెప్పేదేముంటుంది? మర్నాడు కావాలనే వేలు పక్కన పెట్టి మీటింది. అయినా ఆయన పలకలేదు. తెలిసి చేసే తప్పులకి ఆయన బతికున్నప్పుడూ నోరు విప్పేవాడు కాదు, కిటికీలోంచి బయటికి చూసేవాడంతే.

అప్పుడు ఆవిడకి విషయం అర్థమైంది. నేర్చుకున్నకొద్దీ ఆయన తగ్గిపోతాడు.

మానేద్దామా అంటే, గిటారు ముట్టుకోకపోతే ఆ నాలుగు మాటలూ ఉండవు. ముట్టుకుంటే పాడు వేళ్ళు వద్దన్నా నేర్చుకుంటాయి. అన్నేళ్ళు బట్ట పట్టుకున్న చెయ్యి కదా, దానికి పని పట్టుకోవడం తప్ప వదలడం తెలీదు. ఉకులేలే మొత్తం మూగపోయింది. పెద్ద గిటారు దింపింది. అందులోనూ ఒక్కో కార్డే పలుకుతూ, ఒక్కోచోట ఆయన గొంతు ఆగిపోతూ వచ్చింది. చివరికి ఎఫ్ కార్డ్ ఒక్కటి మిగిలింది. చూపుడువేలిని బద్దలా ఆరు తీగలమీదా అడ్డంగా అదిమిపెట్టి, మిగతా వేళ్ళు లోపల సర్దాలి. పెద్దపెద్ద మగపిల్లలే దానిదగ్గర గిటారు మూలపెట్టి వెళ్ళిపోయేవారు.

ఆ ఎఫ్‌ని ఆవిడ ప్రాణంలా చూసుకుంది. రోజుకి ఒక్కసారే వాయించేది. సాలెపురుగు నడకలు మానేసింది. రోజూ ఎడమచెయ్యి వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని పీచుతో రుద్ది రుద్ది మెత్తబరిచేది. మెత్తటి వేలికింద తీగ ఎంత నొక్కినా బుర్రుమనేది. అది నిజమైన తప్పే. ఆయన చెప్పేవాడు. "చూపుడువేలు కాస్త పక్కకి వాల్చు." అంతే. అదే మాట, రోజూ. గొంతు మాత్రం రానురాను నీరసపడిపోతోంది.

సెలవు పెట్టి కూతురు వచ్చింది. బేసినులో చెయ్యి పెట్టుకుని కూర్చున్న తల్లిని చూసింది.

"ఏమైందమ్మా చేతికి? కాలిందా?"

"ఏం లేదే. ఊరికే."

కూతురు ఆ చెయ్యి పైకెత్తి, ఆసుపత్రిలో రోగి చెయ్యి చూసినట్టు తిప్పితిప్పి చూసింది. వేళ్ళకొసలు తెల్లగా, పాలిపోయి, అక్కడక్కడా నెత్తురు ఊరుతూ ఉన్నాయి.

"నీకు ఎఫ్ రాదా, రానివ్వవా?"

కాజాలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని చెంగుతో తుడుచుకుంది.

"ఏదీ, ఓసారి వాయించు. నేనూ వింటా."

వాయించింది. తీగ బుర్రుమంది. "చూపుడువేలు," అన్నాడు ఆయన. ఒక దగ్గు. కాసేపు ఆగి, "కాస్త పక్కకి."

కూతురు చప్పున లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. తండ్రి గొంతు విని ఏడుస్తోందనుకుంది తల్లి. ఏడవడమూ నిజమే. కానీ తిరిగి చూసినప్పుడు ముఖంలో కోపం ఉంది.

"నాన్నకి ఆకలేస్తోందమ్మా. ఆ గొంతు నీకు తెలియట్లేదూ? ఎదటివాళ్ళకి కార్డ్ పలికేదాకా ఆయన ఏనాడైనా బెంచీ మీంచి లేచారా? అన్నం చల్లారిపోయేది. నువ్వు గుమ్మంలో నిలబడి గొణిగేదానివి, ఆ పిల్లకి రేపు వస్తుందిలెండి, లేచి రండి అని."

కాజాలమ్మ గిటారు కేసి చూసింది. ఎదురుగా ఉన్న ఖాళీ బెంచీ కేసి చూసింది.

"ఎన్నాళ్ళనించి కూర్చోబెట్టానే ఆయన్ని," అంది మెల్లగా.

ఆ రోజునించి బేసిను బోర్లించింది. కూతురు కట్టిన మందుగుడ్డ ఊడాక మళ్ళీ సాలెపురుగు నడకలు మొదలెట్టింది. బొబ్బలు లేచాయి, మానాయి, మళ్ళీ గట్టిపడ్డాయి. రోజుకొకసారి కాదు, ఆయన అలిసిపోకుండా ఆగి ఆగి, పొద్దుగూకేదాకా ఎఫ్ వాయించేది. కూతురు సెలవు పొడిగించింది. వంట తనే చేసి, తండ్రి కంచంలోనూ వడ్డించి పెట్టేది. ఎందుకని తల్లి అడగలేదు.

ఒక సాయంత్రం, సైకిల్ షాపాయన గాలికొడుతున్న చప్పుడు గోడవతల వినబడుతుండగా, ఆవిడ చూపుడువేలు కాస్త పక్కకి వాల్చి మీటింది. ఆరు తీగలూ పలికాయి. ఒక్కటీ నసగలేదు. ఆ శబ్దం గదిలో మెల్లగా పరుచుకుని, మెల్లగా సన్నబడింది.

బెంచీ కిర్రుమంది. చాలాసేపు కూర్చుని లేచినవాళ్ళ మోకాళ్ళు చిటుక్కుమన్నట్టు రెండు చప్పుళ్ళు.

కూతురు వంటింట్లోంచి వచ్చి వీధితలుపు తీసి, రెక్క పట్టుకుని నిలబడింది. మోకాళ్ళనొప్పుల మనిషి గుమ్మం దాటడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అలాగే నిలబడింది. తర్వాత తలుపు వేసింది.

"భోంచేసి వెళ్ళమనాల్సింది," అంది కాజాలమ్మ.

"కంచం ఖాళీ అయిపోయిందమ్మా. తినేశారు."

ఆవిడ తలూపింది. గిటారు కింద పెట్టలేదు. సి మీటి, అక్కణ్ణించి ఎఫ్‌లోకి వేళ్ళు దూకించబోయింది. ఉంగరంవేలు జారింది. తీగ బుర్రుమంది. ఆవిడ చెయ్యి ఆపి, తల కొంచెం వంచి వింది. గోడవతల గాలిపంపు కూడా ఆగింది.

ఎవరూ తప్పు పట్టలేదు.

ఆవిడ తనే వేలు సర్దుకుని, మళ్ళీ మొదటినించి ఎత్తుకుంది.